విప్పే ముందు కారణం తేల్చుకో, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను గానీ ఆ పనిలోకి వెళ్లలేదు, గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో చేస్తున్నాను. మూడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాను. ఇప్పటికి 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరు నెలల నుంచి పికప్ లేదు, నీలం పొగ వస్తోంది, 1,000 కిలోమీటర్లకు లీటరు దాకా ఆయిల్ తాగుతోంది. టర్బో దగ్గర ఈల వేసినట్టు శబ్దం. ఒంగోలులో చూపిస్తే ఇంజన్, టర్బో కలిపి 1,10,000 అవుతుందన్నారు. నా దగ్గర 45,000 ఉన్నాయి. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, పానాలు కొన్ని ఉన్నాయి. నాన్నను నెలకోసారి ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, బండి ఆగిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఇంజన్ నేనే విప్పి కట్టుకోవచ్చా? డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ మిగల్చకూడదు?

సమాధానం:

కట్టుకోవచ్చు తమ్ముడూ. ఐటీఐ చదివిన చేతికి, ఓపిక ఉంటే, ఇది అందని పని కాదు. విప్పడం, కడగడం, కొలతలు రాసుకోవడం, తిరిగి కట్టడం నీ షెడ్డులో అవుతాయి. బోరు (పిస్టన్ ఆడే గొట్టం) కొలవడం, హోనింగ్ (ఆ గొట్టం లోపలి గోడకు రాయితో సన్న గీతలు పెట్టడం), హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పైభాగం అడుగును చదును చేయడం), క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చూడటం, వీటికి మాత్రం లేత్ వర్క్స్‌కే వెళ్లాలి. ఆ నాలుగింటికీ డబ్బు పక్కన పెట్టుకుని, మిగతా కష్టం నువ్వు పడతానంటే నీ 45,000కు అర్థం ఉంటుంది.

అయితే ముందు ఒక మాట. ఈ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ బండి నడపొద్దు. నాన్నగారిని ఈ నెలకు బస్సులోనో ఆటోలోనో తీసుకెళ్లు. ఎందుకంటున్నానో చెబుతాను. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే చక్రం. దాని సీలు దాటి వచ్చిన ఆయిల్ ముందు ఇంటర్‌కూలర్‌లో, అంటే ఆ గాలిని చల్లబరిచే జాలీలో, చేరుతుంది. ఒకరోజు గట్టిగా ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఆ ఆయిల్ అంతా ఒక్కసారిగా ఇంజన్‌లోకి పోతుంది. డీజిల్ ఇంజన్‌కు కాలడానికి డీజిలే కావాలని లేదు, ఇంజన్ ఆయిల్ అయినా కాలుస్తుంది. అప్పుడు తాళం తిప్పేసినా ఇంజన్ ఆగదు. తన ఆయిల్ తానే తాగుతూ రేస్ పెరిగిపోయి, చివరికి పిస్టన్ రాడ్ ఇంజన్ గోడ చీల్చుకుని బయటికి వచ్చేదాకా తిరుగుతుంది. ఎప్పుడైనా అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలెయ్. ఇంజన్ అక్కడే ఆగిపోతుంది. గాలి లాగే పైపు మీద చెయ్యి మాత్రం పెట్టకు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో ఏం పాడైందో రాశావు, ఎందుకు పాడైందో రాయలేదు. ఒంగోలులో చూసినవాళ్లూ అది చెప్పినట్టు లేదు. నీ స్విఫ్ట్‌లో ఉన్న ఈ 1.3 లీటర్ల డీజిల్, వేళకు ఆయిల్ మారిస్తే, శుభ్రమైన గాలి దొరికితే చాలాకాలం నడిచే ఇంజన్. 1,80,000కే లీటర్లు లీటర్లు ఆయిల్ తాగుతోందంటే దాని వెనక ఏదో కారణం ఉంది. ఆ కారణం అలాగే ఉండగా పిస్టన్లకు కొత్త రింగులు వేసినా, కొత్త టర్బో పెట్టినా, ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

నీ ఊరి పేరు చూడగానే నాకు దుమ్ము మీదే అనుమానం వచ్చింది. చీమకుర్తి రోడ్ల మీద గ్రానైట్ లారీల వెనక పడి వచ్చే ఆ బూడిదరంగు పొడి నీకు నేను చెప్పాలా? నువ్వు ఫ్యాక్టరీలో బ్లాక్ గెలాక్సీ పలకను దేంతో నునుపు చేస్తావు? అలాంటి పొడితోనే కదా. ఆ పొడి ఫిల్టర్ దాటి లోపలికి వెళితే నీ బోరుకూ అదే పాలిష్ పడుతుంది. బోరులో సన్నటి అడ్డగీతలు ఉంటాయి, ఆయిల్ పట్టుకునేవి అవే. అవి అరిగి గోడ అద్దంలా అయ్యాక రింగులు ఆయిల్‌ను కిందికి గీకలేవు. పొగ, ఆయిల్ తాగడం అక్కడ మొదలవుతాయి.

దీన్ని తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఎయిర్ ఫిల్టర్ బాక్సు నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు పైపు ఊడదియ్. ఫిల్టర్ అవతలి వైపు, అంటే శుభ్రంగా ఉండాల్సిన వైపు, పైపు లోపల వేలు పెట్టి తుడిచి చూడు. వేలికి బూడిద అంటితే, రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడితే, దొంగ దొరికినట్టే. అదే పైపులోంచి టార్చి వేసి టర్బో ముందు చక్రాన్ని చూడు. మంచి చక్రానికి రెక్కల అంచులు సమంగా, తిన్నగా ఉంటాయి. దుమ్ము తిన్న చక్రానికి అంచులు కత్తిలా పల్చబడి, కొరికినట్టు ఉంటాయి. ఫిల్టర్ ఎక్కడ వదిలేస్తోందో కూడా చూడు. చౌక ఫిల్టర్లకు చుట్టూ ఉండే రబ్బరు అంచు బాక్సులో సరిగా కూర్చోదు. కొందరు కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి ఊది, పేపరే చించేస్తారు. మీ ఊళ్లో తిరిగే బండికి ఫిల్టర్ ఊదించి మళ్లీ వేయించే అలవాటు వద్దే వద్దు. పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే కొత్తది వెయ్.

తర్వాత టర్బో ఇరుసు. చక్రం మధ్య నట్టు రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదుపు. కొంచెం ఆడుతుంది, కంగారు పడకు. ఆ బేరింగు ఆయిల్ పొర మీద తేలే రకం, ఆయిల్ లేనప్పుడు ఆ ఆట ఉండాల్సిందే. చక్రం చుట్టూ ఉన్న గోడకు తగలకూడదు, అంతే. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. అలా కదిలితే టర్బో పని అయిపోయినట్టు. కదలకపోతే, ఈల శబ్దం టర్బోది కాకపోవచ్చు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కణ్నుంచి ఇంజన్‌కు వెళ్లే పైపులు ఎక్కడైనా పగిలినా, క్లిప్పు వదులైనా సరిగ్గా అలాగే ఈల వేస్తుంది, పికప్ పోతుంది. పైపు మడతల మధ్య నూనె చెమ్మ కనపడిన చోట వంచి చూడు, పగులు నోరు తెరుస్తుంది. చిన్న పైపు ముక్కతో పోయేదానికి టర్బో మార్చిన బండ్లు నేను చాలా చూశాను.

ఆ తర్వాతే కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నలుగుతోందో కొలవడం. పెట్రోలు బండికి వాడే గేజు దీనికి పనికిరాదు, గ్లో ప్లగ్ (స్టార్టింగ్‌కు ముందు సిలిండర్‌ను వేడి చేసే ప్లగ్) రంధ్రంలో బిగించే డీజిల్ గేజు కావాలి. తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూటకు అడుగు. బాగున్న డీజిల్ సిలిండర్ మామూలుగా 25 నుంచి 30 బార్ దాకా చూపిస్తుంది. అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒక్కటే బాగా తక్కువుంటే ఆ సిలిండర్లో వాల్వో రింగో పోయింది. నాలుగూ ఒకేలా తగ్గి ఉంటే అది దుమ్ము పనే అయ్యుండొచ్చు. రింగులా వాల్వులా అని తేల్చుకోవడానికి పెట్రోలు బండ్లలో బోరులో ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఇక్కడ ఆ పని చెయ్యకు. నీ ఇంజన్ 1,248 సీసీ, సిలిండర్‌కు 312. పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా 20 సీసీ లోపే, అంటే నాలుగు చెంచాలు. అందులో ఆయిల్ ఎక్కువైతే అది నలగదు, రాడ్ వంగుతుంది.

బండి నడిపిన రోజుల్లో పొగ ఏ వేళ వచ్చేదో కూడా గుర్తు తెచ్చుకో. రాత్రంతా నిలిపి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోయేదైతే వాల్వ్ సీళ్లు, అంటే వాల్వు కాడల దగ్గర ఆయిల్ ఆపే రబ్బర్లు. లోడ్ మీద ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వచ్చేదైతే ఎక్కువగా రింగులు. వాల్వ్ సీళ్లే అని తేలితే ఇంజన్ దించే పనే లేదు, నీ డబ్బులో చాలా మిగులుతుంది. అందుకే విప్పకముందు ఒక ఆదివారం పూర్తిగా దీనికే ఖర్చు పెట్టమంటున్నాను.

కారణం గురించి ఇంతగా ఎందుకు పట్టుపడుతున్నానంటే, ఆ పాఠం నేను ఒకరి డబ్బుతో నేర్చుకున్నాను. నెల్లూరులో పని మొదలుపెట్టిన రోజుల్లో కావలి నుంచి రాత్రిళ్లు రొయ్యల లోడు చెన్నైకి తోలే ఒక టర్బో డీజిల్ బండి నా దగ్గరకు వచ్చింది. టర్బో ఇరుసు విరిగింది. కొత్త టర్బో తెప్పించి బిగించాను, బండి మెత్తగా నడిచింది. మూడో రాత్రి గూడూరు దాటగానే మళ్లీ విరిగింది. ఐసు కరిగి లోడంతా పాడై, ఆయన పొద్దున్నే నా షాపు ముందు ఏమీ అనకుండా కూర్చున్నాడు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు ఆయిల్ పైపు విప్పి చూశాను. టర్బోకు పైనుంచి ఆయిల్ తెచ్చే సన్న పైపు అది. లోపల బొగ్గు కట్టి, అగ్గిపుల్ల దూరే సందు కూడా లేదు. మొదటి టర్బోను చంపింది ఆ పైపే, నేను దాన్ని అలాగే రెండోదానికి తగిలించాను. రెండో టర్బో డబ్బు నేనే పెట్టుకున్నాను. రొయ్యల నష్టం మాత్రం తీర్చలేకపోయాను.

చిన్న టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక పక్క మండుతున్న పొగ, ఇంకో పక్క గాలి, మధ్యలో దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ పొర కొన్ని సెకన్లు లేకపోయినా బేరింగు దెబ్బతింటుంది. కాబట్టి ఏ టర్బో వేసినా ఆయిల్ పైపు, దాని బోల్టు, వాషర్లు కొత్తవి వెయ్. కడిగి వేస్తానని అనకు, లోపల కట్టిన బొగ్గు పూర్తిగా పోదు, వేడికి విడిపోయి నేరుగా బేరింగులోకే వెళుతుంది. ఆయిల్ తిరిగి కిందికి దిగే లావు పైపు కూడా ధారాళంగా ఉండాలి. అది మూసుకుంటే కొత్త టర్బో కూడా సీలు దాటించి పొగ పెడుతుంది, తప్పు టర్బో మీదికి పోతుంది.

ఇందులో నీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. నీ స్విఫ్ట్‌లో ఉన్నది మామూలు టర్బో, లోపల కదిలే రెక్కలున్న రకం కాదు. బయటి రెండు డొప్పలూ బాగుంటే, బ్యాలెన్స్ చేసిన మధ్య కోర్ (ఇరుసు, చక్రాలు, బేరింగులు కలిసిన భాగం) ఒక్కటే కొని మార్చుకోవచ్చు. విప్పే ముందు డొప్పల మీద చీరణంతో గుర్తులు పెట్టుకో, టర్బో ఒత్తిడిని అదుపు చేసే యాక్చుయేటర్ కడ్డీ సెట్టింగ్ ముట్టుకోకు. ఇరుసు, చక్రాలు విడివిడిగా కొని ఇంట్లో మాత్రం కట్టకు. ఆ వేగంలో గ్రాములో వందో వంతు తేడా కూడా నిలవదు.

ఇంజన్ విప్పాల్సిందే అని తేలితే, డబ్బు ఇలా పెట్టు. ముందు లేత్ వాళ్లతో బోరు, పిస్టన్, క్రాంక్ కొలిపించు. కొలతలు చేతికి రాకముందు ఒక్క సామాను కూడా కొనొద్దు. సెట్టు మొత్తం కొనేసుకుని తర్వాత విప్పేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. బోరు హద్దులో ఉంటే హోనింగ్ చేయించి కొత్త రింగులు వెయ్, పాత పిస్టన్లే చాలు, రింగు గాడి అరగకపోతే. హద్దు దాటితే బోరింగో (బోరు పెద్దది చేయడం) స్లీవో (లోపల కొత్త గొట్టం దించడం) చేయించాలి. అప్పుడు కూడా ఓవర్‌సైజ్ పిస్టన్లు చేతికి వచ్చాకే, వాటిని కొలిచి బోరు కొట్టించు. రాడ్ బేరింగులు, గాస్కెట్ సెట్టు, హెడ్ బోల్టులు, టైమింగ్ చెయిన్ సెట్టు, ఆయిల్, ఫిల్టర్లు, ఇవి కొత్తవే, మంచివే. హెడ్ బోల్టులు ఒకసారి సాగేలా బిగించే రకం, రెండోసారి వాడితే ఆ పట్టు రాదు. వాటర్ పంపు, సెల్ఫ్, ఆల్టర్నేటర్ బాగుంటే ముట్టుకోకు. పైకి కనపడే పెయింటు, కవర్లు, ఏవీ ఇప్పుడు వద్దు.

విప్పేటప్పుడు ప్రతి బేరింగ్ మూత, ప్రతి ఇంజెక్టర్ ఏ సిలిండర్‌దో గుర్తుంచుకో, దేనిది దానికే తిరిగి వెళ్లాలి. ఇంజెక్టర్ పైపుల నోళ్లు వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ మూతలతో మూసెయ్. ఆ లైన్లలో ఇంజన్ నడుస్తుండగా 1,000 బార్ దాటి ప్రెషర్ ఉంటుంది, కాబట్టి ఆపి చల్లారాకే నట్టు ముట్టుకో, లీకు కోసం వేలితో ఎప్పుడూ తడమకు. చర్మం కోసుకుని లోపలికి పోతుంది డీజిల్. ఇంజన్ ఎత్తడానికి చెయిన్ బ్లాక్ అద్దెకు తెచ్చుకో. షెడ్డు రేకుల పైపుకు వేలాడదీయకు, విడిగా ఇనుప స్టాండు కావాలి. బండి కింద గ్రానైట్ ముక్కలు పేర్చి పడుకుంటావేమో, మీ ఊళ్లో అవే దొరుకుతాయి కాబట్టి చెబుతున్నాను. రాయి మీద రాయి జారుతుంది. జాకీ స్టాండ్లు లేకుండా కిందికి దూరకు.

ఇప్పుడు నీ షెడ్డు. పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో తెరిచిన ఇంజన్ పెట్టడమంటే అన్నం గిన్నె మూత తీసి వీధిలో పెట్టడమే. నాలుగు వైపులా టార్పాలిన్ కట్టు, పని మొదలుపెట్టే ముందు నేల తడుపు, రాత్రి ఆపేటప్పుడు బ్లాకును ప్లాస్టిక్ కవరుతో మూసి తాడు కట్టు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ముట్టుకో. ఇది చాదస్తం కాదు.

హోనింగ్ నుంచి బ్లాకు తిరిగొచ్చాక చాలామంది డీజిల్‌తో కడిగి తృప్తి పడతారు. డీజిల్ జిడ్డును తీస్తుంది గానీ, హోనింగ్ రాయి వదిలిన పొడిని గీతల్లోంచి లేపదు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్ తీసుకుని బోరు లోపల బాగా తోము. నీళ్లు పోసి, గాలితో ఆరబెట్టి, వెంటనే కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి, ఉతికిన తెల్ల పంచె ముక్కతో తుడువు. గుడ్డ మీద బూడిద మరక వచ్చిందా, మళ్లీ మొదటి నుంచి కడుగు. నాలుగుసార్లు పడుతుంది, ఆరుసార్లూ పట్టొచ్చు. తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా రింగుల ప్యాకెట్ విప్పకు. ఆయిల్ చాంబర్ అడుగున ఉండే జల్లెడ, ఆయిల్ దారులు, ఇంటర్‌కూలర్ కూడా ఇంతే. ఇంటర్‌కూలర్‌ను తలకిందులు చేస్తే ఎంత ఆయిల్ కారుతుందో చూసి నీకే ఆశ్చర్యం వేస్తుంది. దాన్ని కడిగి పూర్తిగా ఆరాకే పెట్టు.

కట్టడంలో తొందర పడొద్దన్నది తప్ప పెద్దగా చెప్పేది లేదు, నీకు చదువు ఉంది. రింగును విడిగా బోరులో పెట్టి సందు కొలువు, గుర్తున్న వైపు పైకి, సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా వెయ్. బేరింగు సందు తల వెంట్రుక మందం కన్నా తక్కువ ఉండేది, అందాజా పనికిరాదు, ప్లాస్టిగేజ్ పోగు (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తటి పోగు) పెట్టి కొలువు. టైమింగ్‌కు, ఇరుసులు కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఎరువు తెచ్చుకో, చెయిన్ ఒక పన్ను తప్పినా వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి లేకుండా హెడ్ బిగించకు, సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకె, వరస, డిగ్రీలు తప్పొద్దు. ప్యాకింగ్ పేస్టు సన్న తీగలా రాయి. లావుగా రాస్తే లోపలికి పిండుకుని, తెగి, చాంబర్ జల్లెడకు అడ్డం పడుతుంది. అదే పేస్టు టర్బో ఆయిల్ పైపు దగ్గర అసలు వాడకు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పు. ఇంజెక్టర్ల కరెంటు కనెక్షన్లు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు, మధ్యమధ్య ఆపుతూ. గాలి పైపు నోటికి సరిపడే చెక్క పలక ఒకటి పక్కనే పెట్టుకో, ఒకవేళ రేస్ ఎక్కితే మూయడానికి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచకు. రింగులు కూర్చోవాలంటే వాటికి ఓ మాదిరి లోడు కావాలి. లీకులు చూసుకుని, వేడెక్కాక ఒంగోలు దాకా వెళ్లి రా. వేగం మారుస్తూ నడుపు, పూర్తిగా తొక్కకు. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చు. ఈ ఇంజన్‌కు పట్టేది సుమారు మూడు లీటర్లే, అక్కడ పిసినారితనం వద్దు. హైవే మీద గట్టిగా వచ్చిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం నాన్నగారికీ అలవాటు చెయ్యి, ఆయన నడిపితే.

ఒకవేళ కొలతల్లో బోరు హద్దు దాటి, క్రాంక్ మీద గోరుకు తగిలే గీతలు ఉండి, టర్బో కూడా పోయిందని తేలితే, అక్కడ ఆగు. 45,000తో ఆ మూడూ సరిగ్గా అవ్వవు, సగం సగం చేస్తే ఉన్న డబ్బూ పోతుంది. చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లు దొరుకుతాయి. అది ఆలోచించొచ్చు గానీ బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో కాగితం లేకుండా తేకు. ఇంజన్ నంబరు మారితే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో ఎక్కించాలి. ఆ పని చేయకపోతే రేపు ఇన్సూరెన్స్ దగ్గర, అమ్మే దగ్గర ఇరుక్కుంటావు. ఇంకోటి, బండి 2012లో రిజిస్టర్ అయితే 2027తో 15 ఏళ్లు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. బాడీ కింద తుప్పు ఎంతుందో కూడా ఇప్పుడే చూసుకో. ఇంజన్ బాగుచేసుకున్న బండిని రెండేళ్లకే తుప్పు వల్ల వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

వచ్చే ఆదివారం గాలి పైపు ఊడదీసి వేలు పెట్టి చూడు. ఇరుసు ఆట ఎటు ఉందో, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఎంతెంతో, ఆయిల్ ఫిల్టర్ కాగితం మడతల్లో మెరిసే రజను ఉందో లేదో, ఉంటే అయస్కాంతానికి అంటుతోందో లేదో రాసి పంపు. ఆ అంకెలు చూసి హెడ్ ఒక్కటే దించాలా, ఇంజన్ మొత్తమా అన్నది చెబుతాను.